కీనీ తగువు తీర్చిన మకామె

మకామె మాటలు కోటలు దాటుతాయి, కాలు మాత్రం గడప దాటదు. జాంజిబార్లో ఇది తెలియని అరుగు లేదు. అయినా బీ జువేనా ఆ సాయంత్రం తన ఇంటి అరుగు మీద అతన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. తప్పలేదు. కూతురు తాటు సైన్సు పరీక్ష తప్పింది. ఈసారీ పోతే బడి మాన్పించి లవంగాల కోతకి పంపేస్తానని తండ్రి తేల్చేశాడు. పిల్లకి చదువు నేను చెబుతా, రోజూ రాత్రి భోజనం పెడితే చాలన్నాడు మకామె.

"సైన్సు మాటలు నీకు తెలుసా అన్నయ్యా?"

"నాకా! గుడ్డులో పచ్చసొనని మన స్వాహిలీలో ఏమంటాం? కీనీ. టెంకలో పప్పు? అదీ కీనీయే. ఆ మాట, సైన్సు మాటలు కూర్చే దార్ ఎస్ సలాం పండితులకి అందించిందెవరు? ఏదో పనిమీద పోతూ వాళ్ళ సభ కిటికీలోంచి చూద్దును కదా, జీవశాస్త్రం వాళ్ళు కణం నడుమది కీనీ అంటారు, భౌతికం వాళ్ళు కాదు, పరమాణువు నడుమదే కీనీ అంటారు, కుర్చీలు లేస్తున్నాయి చెల్లెమ్మా! జేబులోంచి ఉడికిన గుడ్డు తీసి బల్లకేసి కొట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తినేసుంటావ్," అన్నాడు అరుగు మీదే ఉన్న పడవల ఫకీ.

"నోర్ముయ్! రెండు జట్లూ నా చేతులు పట్టుకుని ఏడ్చాయి. ఇంతలో భూగర్భశాస్త్రం వాళ్ళు పరుగున వచ్చారు. భూమి నడిబొడ్డుకి పేరు లేదని అలిగి, అది తిరగడం మానేసిందట! పొద్దు నడినెత్తినే ఆగిపోయింది. నేను వంగి నేలతో అన్నా, 'ఒసే, నీదీ కీనీయే, పద' అని. గిర్రున తిరిగింది చూడు, రెండు రోజులు ఒక్క పూటలో అయిపోయాయి!"

"అదా సంగతి! ఆ ఏడాది రంజాన్ ఉపవాసాలు తొందరగా గడిచాయనుకున్నా," అన్నాడు ఫకీ. అరుగంతా నవ్వింది.

జువేనాకి నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ఇలాంటివాడి చేతిలోనా తన పిల్లని పెట్టబోయింది?

"అయితే చెప్పు. కణంలో కీనీకీ, పరమాణువులో కీనీకీ తేడా ఏంటి?"

"తేడానా? మాట ఒకటైతే వస్తువూ ఒకటే! అలా తీర్పిచ్చింది నేనేగా. పరీక్షలో రెండు ప్రశ్నలకీ కళ్ళు మూసుకుని ఒకటే జవాబు రాసెయ్యమను."

"మా తాటు రాసిందదే. అందుకే పోయింది." కాఫీ గిన్నె అతని చేతిలోంచి లాక్కుంది జువేనా. "పరీక్ష తప్పడం దానికి నువ్వు చెప్పకుండానే వచ్చు. ఆ మాత్రానికి నీకు భోజనం కూడానా?"