కూర్చోమని చెప్పని గది

పంతొమ్మిది వందల తొంభై మూడు జూన్ ఏడో తేదీ, సోమవారం ఉదయం తొమ్మిదింపావుకు, సైనికోద్యోగుల పునరావాస కార్యాలయంలో టైపిస్టుగా హాజరు పట్టీలో తొలి సంతకం చేసిననాటికి ఆమె వయస్సు ఇరవై ఆరు. ఆ పట్టీ నేటికీ పాత రికార్డుల గదిలో, తలుపు సరిగా పడని బీరువా అడుగు అరలో భద్రంగా ఉంది. సంతకం పక్కన "చెప్పు తెగినందున పావుగంట ఆలస్యం" అని ఆమె స్వహస్తంతో రాసిన సంజాయిషీ కూడా ఉంది. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో ఆలస్యానికి ఆమె రాసిచ్చిన సంజాయిషీ అదొక్కటే.

సైనికులుండే బారకాసుల్లో అందరూ "కుర్చీ మేడమ్" అని పిలుచుకునే ఆ సహోద్యోగిని ఈ జూన్ ముప్పైన పదవీ విరమణ చేస్తున్నారు. మన కార్యాలయ పత్రిక ఈ సంచికలో తమ గురించి ఏం రాయమంటారని అడిగితే, ఫైలులోంచి తల ఎత్తకుండానే, "అలసిపోయానని రాయండి. అంతకు మించి ఏం రాసినా పొగడ్తే అవుతుంది" అన్నారు. ఆ మాట నిజమే కనుక ముందుగానే రాసేస్తున్నాం. ఆమె నిజంగా అలసిపోయారు. అయితే ఎందుకు అలసిపోయారో చెప్పకపోతే ఆ మాటకు అర్థం ఉండదు.

మొదటి పదకొండేళ్లు ఆమె పని విడుదల పత్రాలు టైపు చేయడం. పటాలం నుంచి బయటికి వచ్చే ప్రతి మనిషికీ ఒక పత్రం, ఒక కరచాలనం, వీధి గుమ్మం దాకా ఒక సాగనంపు. అవతల అతను ఏమయ్యాడో అడిగే అలవాటు టైపిస్టుకు లేదు, కార్యాలయానికి అసలే లేదు. రెండు వేల ఒకటో సంవత్సరంలో అలాంటి పత్రం ఒకటి టైపు చేస్తూ ఆమె రెండుసార్లు తప్పు కొట్టారు. అది ఆమె భర్తది.

పద్దెనిమిదేళ్లు సైన్యంలో రేడియో సెట్లు బాగుచేసిన మనిషాయన. ఇంటికి వచ్చాక కూడా ఐదింటికి లేచి, గడ్డం గీసుకుని, బూట్లకు పాలిష్ పెట్టి, ముందుగదిలో కిటికీ పక్కన నిలబడేవారు. ఒకరోజు ఆఫీసుకు బయల్దేరబోతున్న భార్యను ఆయన, "ఇవాళ నేనేం చెయ్యాలి?" అని అడిగారు. ఆమె హాస్యమనుకున్నారు.

"కుక్కర్ మూడు కూతలు రాగానే ఆపండి" అనేసి బస్సుకు పరుగెత్తారు.

సాయంత్రం వచ్చి చూస్తే అన్నం కుక్కర్‌లో మూత తీయకుండా అలాగే ఉంది, ఆయన వంటింటి గుమ్మంలో ఉన్నారు.

"ఇదేమిటండీ, తినలేదా?"

"మూడు కూతలకి ఆపాను. తరవాతేం చెయ్యాలో నువ్వు చెప్పలేదుగా."

ఆయన నవ్వుతూనే అన్నారు. ఆమె కూడా నవ్వి, పెరట్లోకి వెళ్లి చాలాసేపు కాళ్లు కడుక్కున్నారట. ఆ ఇంట్లో అలా మూడేళ్లు గడిచాయి.

రెండు వేల నాలుగులో ఇంటర్న్‌షిప్ విభాగం ఏర్పడింది. సైనికుడు ఇంకా కొలువులో ఉండగానే, చివరి నాలుగు నెలలు ఏదైనా కర్మాగారంలోనో ఆసుపత్రిలోనో దుకాణంలోనో పని నేర్చుకుంటాడు. కుదిరితే విడుదలయ్యాక అక్కడే ఉద్యోగం దొరుకుతుంది. ఒక మనిషికి ఒక్కటే అవకాశం. ఆ విభాగానికి వసారా చివర, మరుగుదొడ్లు దాటాక ఉన్న గదిని కేటాయించడంతో ఎవరూ అటు పోవడానికి ఇష్టపడలేదు. ఆమె మాత్రం కోరి మరీ దరఖాస్తు పెట్టుకున్నారు.

"అటు వెళ్తే ప్రమోషన్‌కి నీళ్లొదులుకోవడమేనమ్మా" అన్నారు నాటి పర్యవేక్షకులు.

"మా ఇంట్లో ఒకాయన మూడేళ్లుగా నిలబడే ఉన్నారండీ. ముందు ఆయన్ని కూర్చోబెట్టే దారి నేర్చుకోవాలి" అన్నారామె. ఆయనకు పథకం వర్తించదు, అప్పటికే విడుదలైపోయారు. అయినా ఆ ఏడాదే ఒక లిఫ్టుల కంపెనీవారిని బతిమాలి, జీతం లేకుండా నేర్చుకోవడానికి ఆయన్ని పంపారు. విభాగానికి మొదటి అభ్యర్థి ఆయనే, జాబితాలో మాత్రం లేరు.

ఆ గదిలో ఆమె బల్లకు ఎదురుగా ఒక కుర్చీ ఉండేది. వచ్చినవారిని ఆమె కూర్చోమనేవారు కాదు. అది మర్యాద తక్కువై కాదు. సైనికుడు చెప్పనిదే కూర్చోడు. బయటి లోకంలో చెప్పేవాళ్లుండరు. అతనంతట అతను కుర్చీ లాక్కుని కూర్చున్న రోజునే ఫైలు మీద "సిద్ధం" అని రాసేవారు. కొందరు మూడుసార్లు వచ్చి మూడుసార్లూ నిలబడే తిరిగి వెళ్లారు. తలుపు దగ్గరి గుమాస్తా, "మేడమ్ గదిలో కుర్చీకి కాపలా కాసొచ్చావా?" అని వాళ్లను ఆటపట్టించేవాడు.

పన్నెండేళ్లు ఆ పద్ధతి చక్కగా నడిచింది. రెండు వేల పదహారులో బెడిసికొట్టింది.

ఆ ఏడు ఒక సామాన్ల హవల్దారు వచ్చాడు. పంతొమ్మిదేళ్లు పటాలం గిడ్డంగి చూసిన మనిషి. వస్తూనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె సంతోషంగా సంతకం పెట్టి ఒక పెద్దాసుపత్రి మందుల గిడ్డంగికి పంపారు. పదో రోజున అక్కడినుంచి ఉత్తరం వచ్చింది, మనిషిని వాపసు తీసుకోమని. విడుదలకు మూడున్నర నెలలే ఉంది. వెనక్కి వస్తే అతనికి మరో అవకాశం లేదు. ఇకమీద ఊళ్లు మారలేనని, పిల్లలకు ఒక బడి కుదరాలని అతని భార్య అప్పటికే ఆ ఆసుపత్రి వెనక వీధిలో ఇల్లు చూసుకుంది.

ఆమె స్వయంగా వెళ్లారు. గిడ్డంగి తలుపు తీయగానే కవాతు మైదానంలో అడుగుపెట్టినట్టు అనిపించిందట. మందుల పెట్టెలన్నీ ఎత్తు ప్రకారం, పొడుగువి వెనక, పొట్టివి ముందు, దారం పట్టి గీసినట్టు నిలబెట్టి ఉన్నాయి. గుండెమందు పక్కన దగ్గుమందు, దాని పక్కన దూది.

గిడ్డంగి పెద్దాయన కళ్లజోడు నుదుటిమీదికి తోసుకుని, "చూడ్డానికి కన్నుల పండగేనమ్మా. ఒక్క మాత్ర దొరకదు. నిన్న నర్సమ్మ ఏడ్చినంత పని చేసింది" అన్నారు.

"ఇలా సర్దమని ఎవరు చెప్పారు?" అని ఆమె హవల్దారును అడిగారు.

"ఎవరూ చెప్పలేదు మేడమ్. అందుకే ఇలా సర్దాను. ఏమీ చెప్పకపోతే తనిఖీకి సిద్ధంగా ఉంచాలి కదా."

ఆమెకు ఏదో తట్టింది. "మరి ఆ రోజు నా గదిలో ఎందుకు కూర్చున్నారు?"

అతను తల వంచుకున్నాడు. "బారకాసుల్లో అందరికీ తెలుసు మేడమ్. మీ గదిలోకి వెళ్లగానే కూర్చోవాలి, అది ఆర్డరు."

అంటే ఆమె పన్నెండేళ్ల పరీక్ష ఎప్పుడో పాఠంగా మారిపోయింది. వాళ్లు సిద్ధమై కూర్చోలేదు, కూర్చోవాలని విని కూర్చున్నారు. ఆ సంగతి తెలిసి ఆమె అక్కడే ఒక దూది పెట్టె మీద కూలబడ్డారు. పెద్దాయనతో, "తప్పు ఆయనది కాదండీ, నాది. రెండు వారాలు గడువివ్వండి. అప్పటికీ కుదరకపోతే నేనే వచ్చి తీసుకెళ్తాను" అన్నారు.

"రెండు వారాలు నా దగ్గర లేవు. ఒక్క వారం" అన్నారాయన.

ఆమె హవల్దారును పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కటే అడిగారు. "తనిఖీకి ఎవరూ రారు ఇక్కడికి. మరి ఎవరొస్తారు?"

అతను తలుపు వైపు చూశాడు. "నర్సులు. పరుగెత్తుతూ వస్తారు."

"అయితే వాళ్ల వెనకాలే నడవండి" అన్నారామె.

అతను మూడు రోజులు వార్డు వార్డుకూ నర్సుల వెనక తిరిగాడు. "ఏమిటయ్యా, నా నీడవా?" అని ఒక నర్సు విసుక్కుందట. నాలుగో రోజు అరలన్నీ దింపి, పరుగెత్తి వచ్చే మనిషి చెయ్యి ముందుగా ఎక్కడ పడుతుందో అక్కడ ప్రాణం మీది మందులు పెట్టాడు. గడువు ముందు తీరిపోయేవి ముందు వరసలోకి తెచ్చాడు. వారం చివర ఆసుపత్రి నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. అందులో ఒక్కటే వాక్యం ఉంది, "మనిషిని ఉంచుకుంటున్నాం" అని. ఇవాళ ఆ గిడ్డంగి పెద్ద అతనే.

ఆ మర్నాటినుంచి కుర్చీ మేడమ్ గదిలో పరీక్ష లేదు. వచ్చినవారందరినీ "కూర్చోండి" అనడం మొదలుపెట్టారు. ఆ తర్వాత, "మీరు వెళ్లేచోట మీకోసం ఎదురుచూసేదెవరు?" అని అడిగేవారు. జవాబు వచ్చేదాకా సంతకం ఉండదు. ఈ ప్రశ్నకు బారకాసుల్లో ఇంకా జవాబు తయారు కాలేదు.

తర్వాతి తొమ్మిదేళ్లు తేలిగ్గా గడిచాయని రాస్తే అబద్ధమవుతుంది. దరఖాస్తు నమూనా ఐదుసార్లు మారింది. మనిషిని నాలుగు నెలలు వదలడానికి మనసొప్పని అధికారులకు ఆమె రాసిన లేఖల నకళ్లు మూడు బీరువాలు నింపాయి. ఫొటో దిగేదాకా సైనికులను నెత్తిన పెట్టుకుని, మర్నాటి నుంచి టీ కప్పులు మోయించిన కంపెనీల గుమ్మాలు కూడా ఆమె ఎక్కి దిగారు. మోకాళ్లు అక్కడే అరిగాయి. కుదరక వెనక్కి వచ్చినవాళ్ల పేర్లు ఆమె సొరుగులో ఒక పొడుగు పుస్తకంలో ఉన్నాయి. కుదిరినవాళ్ల జాబితా మాత్రం ఆమె ఏనాడూ రాసుకోలేదు.

విరమణ కానుకగా ఆ కుర్చీనే ఇద్దామనుకున్నాం. "రేపు వచ్చేవాడు నేలమీద కూర్చుంటాడా?" అని ఆమె కొట్టిపారేశారు.

ఈ వ్యాసం కోసం వారింటికి వెళ్లినప్పుడు వారి అమ్మాయి ఒక సంగతి చెప్పింది. "ఊరందర్నీ కూర్చోబెట్టింది కానీ, మా అమ్మ ఇంట్లో కూర్చుని తినగా నేను చూడలేదండీ. పొయ్యి పక్కన నిలబడే నాలుగు ముద్దలు మింగి బస్సెక్కేది."

లిఫ్టుల కంపెనీ నుంచి నిరుడే విరమించిన వారి భర్త చిన్నగా నవ్వారు. "ఒకటో తారీఖు పొద్దున ఐదింటికే లేచి, తల దువ్వుకుని, కిటికీ దగ్గర నిలబడుతుంది చూడండి. ఇవాళ నేనేం చెయ్యాలి అని అడుగుతుంది. నాకు తెలుసు. జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను."

"ఏమిటండీ అది?" అని వంటింట్లోంచి ఆమె గొంతు వినిపించింది.

"కుక్కర్ నేను ఆపుతాను, నువ్వు కూర్చో అని."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

మోకాళ్ల నొప్పి నెమ్మదించి, రక్తపోటు మాత్ర ఉన్న ఒక్కదానితోనే ఆగిపోయి, కంటిచూపు మనవల పెళ్లిపత్రికలు చదివేదాకా చెదరకుండా, ఆమె నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలని కార్యాలయ సిబ్బంది అందరి తరఫున కోరుకుంటున్నాం. ఆ మిగిలిన ఏళ్లలో ఏ ఒక్కరోజూ ఆమె నిలబడి అన్నం తినకూడదని కూడా కోరుకుంటున్నాం. మేడమ్, కూర్చోండి.