చెరువులో వదిలిన చేపలు

గుత్తకు తీసుకున్న బీర్‌గావ్ చెరువు గట్టున జాలరామె చిరిగిన వలలోంచి నల్లటి ముళ్ల చేపలను విడదీసి ఎండలో పడేస్తోంది. మూడేళ్ల తర్వాత అటు వచ్చిన రైల్వే గుమాస్తా వాటిని చూసి సంచీతో అక్కడే ఆగిపోయాడు.

"రోహు లేదామ్మా?"

"ఇంకేటి రోహు బాబూ! ఈ దిక్కుమాలినవి వాటి మేతంతా తినేశాయి. వలేస్తే ఇవే పడతన్నాయి, కోసినా ఎవుడూ తినడు. నెలాఖరుకి చెరువు ఠేకా వదిలేసి ఊరెళ్లిపోతన్నాం."

"ఇవి గాజు తొట్టెలో పాచి తిని అద్దం శుభ్రంగా ఉంచుతాయి."

"తొట్టెలో మంచివే. ఇక్కడ మా కొంప ముంచాయి."

అతను సంచీ కింద పెట్టి గట్టు మీద కూర్చున్నాడు.

"మా పాప పెంచుకుంది. అది పోయాక ఇంట్లో వాటిని చూడలేకపోయాం, చంపడానికి మనసొప్పలేదు. దాని పేరున ప్రాణం నిలిపితే పుణ్యమనుకుని నాలుగింటినీ ఇక్కడ వదిలాను. పుణ్యం కోసం చేసింది ఇలా ఎందుకయిందమ్మా?"

"తెలుసు బాబూ."

"ఏం తెలుసు?"

"ఆయేళ నేను రేవులోనే ఉన్నాను. ధర్సీవాలో మా అన్న చెరువు వీటితోనే పోయింది. వద్దని చెబుదామని లేచాను. మీరు 'భావనా, వెళ్లిరా తల్లీ' అని ఏడుస్తన్నారు. నోరు రాక మళ్లీ కూచుండిపోయాను."