కెజియా కాళ్లకి బూట్లు

యార్క్‌షైర్ చిత్రశాలలో, విక్టోరియా రాణి కాలపు చిత్రకారుడు థర్కెల్ గీసిన పటం ముందు ముసలాయన టోపీ తీసి నిలబడ్డాడు. నిర్వాహకురాలు నవ్వుతూ వచ్చింది.

“థర్కెల్‌ని మేమే వెలికితీశామండి.”

“మీ నేలమాళిగలోంచేగా తల్లీ. నలభై ఏళ్లు అక్కడ పడేసిందీ మీరేగా.”

“పటంలో ఆ పేదరాలికి మగవాళ్ల బూట్లు, చూశారా? సమాజం మీద వ్యంగ్యం.”

“వ్యంగ్యమా, నా మొహం. మంచులో వట్టికాళ్లతో నిలబడిందని ఆయనే తన బూట్లు విప్పిచ్చి, మేజోళ్లతో నిలబడి గీశాడు. ఆవిడ మా అమ్మమ్మకి తల్లి, కెజియా. మీరేమో కింద ‘ఎవరో పేదరాలు’ అని రాశారు. పేరు రాయండి.”

“ఆధారం ఉండాలి కదండీ.”

“ఆ బూట్లు మా ఇంట్లోనే ఉన్నాయి.”

“అయితే మాకివ్వండి, అద్దాల పెట్టెలో పెడతాం.”

“ఆయన కాళ్లవి విప్పిచ్చాడు. మీరు కాస్త సిరా ఇవ్వలేరా? ముందు పేరు రాయండి.”

ఆమె కలం వెతుక్కుంది.