కప్పు లేని కార్ఖానా

పురపాలక సంఘం వారి పన్నుల అధికారి కొలతటేపు చేతబట్టి దిగ్విజయయాత్రగా కార్ఖానాలోకి వేంచేసేసరికి, ఆయన బావమరిది అయిన వడ్రంగి పైకెక్కి, సొంత కప్పునే సమ్మెటతో బద్దలు కొడుతున్నాడు.

"ఒరేయ్, దిగు! పిచ్చెక్కిందా?"

"కప్పుంటేనే కదా బావా పన్ను! కప్పు లేనిది కట్టడమే కాదని పోయినేడాది నువ్వే సెలవిచ్చావు. తప్పుకో, నెత్తిన పడుతుంది!"

రేకు ముక్క అధికారి భుజాన్ని చీల్చుకుంటూ రాలింది.

"అమ్మా! నెత్తురురా దుర్మార్గుడా!"

"తుడుచుకుని రాసుకో, కప్పు లేదని."

"అందరూ ఇలా కూలగొడితే వీధి దీపాలు ఎవడు వెలిగిస్తాడు? నా జీతం ఎవడిస్తాడు?"

"పన్ను రెట్టింపు చేసినప్పుడు నా పనివాళ్ల జీతం ఎవడిస్తాడని అడిగావా? ఇద్దర్ని ఇంటికి పంపించేశాను."

"మరి వానొస్తే ఈ కోత మిషను ఎక్కడ పెడతావురా?"

"మీ ముందుగదిలో. అక్క ఒప్పుకుంది."

"మిషను తిరిగితే అది వ్యాపార స్థలం కిందికొస్తుందిరా! నా ఇంటి పన్ను మూడింతలవుతుంది!"

"కొలవడానికి నువ్వే వస్తావుగా!"

ఊరందరి గోడలూ కొలిచిన ఆ మహానుభావుడికి తన ఇంటికీ గోడలున్నాయని అప్పుడే తోచింది. నెత్తురోడుతున్న చేత్తో మూలనున్న గొడ్డలి అందుకుని మిషను మీదికి ఎత్తాడు.

వడ్రంగి కప్పు కంతలోంచి దూకి, మిషనుకు అడ్డంగా నిలబడి సమ్మెట పైకెత్తాడు.

"వెయ్యి బావా, ఒక్క దెబ్బ వెయ్యి. మొగుడేడని అక్క అడిగితే నేనే చెప్పుకుంటాను."