గోడ మీది పళ్ళెం

దగ్గరికి రాండ్రి, ఇంకా దగ్గరికి. ఆ స్తంభాల కాడ కూసుంటే నా మాట ఏడ వినవడుతది, మైకు బందుపెట్టినం గదా. హారతికి ఇంకా టైమున్నది, పంతులు లోపల పులిహోర కలుపుతుండు, వాసన వస్తనే ఉన్నది, మీ మనసులు ఆడనే ఉన్నయని నాకెర్కే. ఉండనియ్యుండ్రి, చెవులు మాత్రం ఇటియ్యుండ్రి. మధూ, నువ్వు ముందల కూసో. నువ్వడిగిన దానికే చెప్తున్న. ఇగో, అందరు వినుండ్రి, వీని భార్య సరిత అన్నం డబ్బాలు కట్టి ఆఫీసులకు పంపుతది గదా, మొన్న వీళ్ళ అపార్ట్‌మెంటోళ్ళు వచ్చి, ఇంటోళ్ళు చేసుకుంటే సరేగని బయటి మనుషుల్ని పెట్టి యాపారం చేయొద్దన్నరట. వంటల సాయానికి వచ్చే ఆమెను మా ఇంటి మనిషే అని చెప్పొచ్చా తాతా అని అడుగుతుండు. అడగాల్సిన మాటనే. గిదే మాట ఎన్కట మా ఇంటి ముందల నిలబడి అడిగిండ్రు బిడ్డా. వీరలక్ష్మమ్మను అడిగిండ్రు. పోయి చానా ఏండ్లాయె ఆమె. శనివారం వడమాల చూస్తే నాకు ఆమెనే యాదికొస్తది, స్వామికి ఆ మాల ఆమెనే కట్టేది.

మీరంతా ఇప్పుడొచ్చినోళ్ళు. అప్పుడు మాదాపూర్ అంటే ఇట్ల లేకుండె. కంప్యూటర్ కంపెనీల ఆ గుండ్రటి బిల్డింగు అప్పుడప్పుడే లేస్తుండె. పొద్దంత బండలు పేల్చేది. ధన్ మని మోగితే మా అల్మారల గిన్నెలు కింద పడేవి, మా అవ్వ ప్రతి పేలుడుకు రామ రామ అనేది. ఆ బిల్డింగు పూర్తయ్యేసరికి ఎంత నామం జపించిందో ఏమో, సీదా వైకుంఠమే పోయుంటది. ఆఁ, ఏం చెప్తున్న, వీరలక్ష్మమ్మ. గోదారి దిక్కు నుంచి వచ్చిండ్రు మొగడు పెండ్లాలు, మా ఇంట్ల ముందటి రెండు గదులు కిరాయికి తీసుకున్నరు. ఆ సారు ఏదో కంపెనీల పని చేస్తుండె. మియాపూర్ రోడ్డు మీద కంకర పోసి పెట్టిండ్రు, స్కూటర్ జారింది, నడుం పోయింది. మంచం మీద పడ్డడు. ఇగ ఆమె ఏం చేయాలె? ఒకనాడు పసుపు చేతులతోటే వచ్చి, "యాదయ్యగారూ, మీరేమీ అనుకోకపోతే ముందు గదిలో గ్రైండరు పెట్టుకుంటానండి. తెల్లారగట్ల కాస్త చప్పుడవుతుందండి, సుప్రభాతం అనుకోండి" అన్నది. గట్ల మాట్లాడేది. ఎవరు కాదంటరు చెప్పు?

దోశ పిండి, ఇడ్లి పిండి. కొత్తగ కంప్యూటర్ల పనికొచ్చిన పిల్లలు గదులల్ల ఉంటుండ్రి, వాళ్ళకు వండుకోరాదు, పొద్దుగాల గిన్నెలు పట్టుకొని మా వాకిట్ల నిలవడుతుండ్రి. ఆమె ఒక్కతి తోని అయితదా అది? బాలమ్మ వచ్చింది. పాలమూరు దిక్కు మనిషి, ఖాజాగూడ గుట్టల కాడ రాయి కొట్టే పనికొచ్చింది, ఆడ మొగడు పోయిండు, ఈడికొచ్చింది. బియ్యం కడుగుడు, పప్పు పొట్టు తీసుడు, గ్రైండర్ల పిండి తిరుగుతుంటే చేత్తోని మలుపుడు, అంత బాలమ్మనే. ఇద్దరు ఎట్లుండ్రి అంటవా? అక్కచెల్లెండ్ల కన్న ఎక్కువ. ఒకరినొకరు ఎక్కిరించుకునేది. "బాలమ్మా, నీ మాట నాకు సగం అర్థం కాదే" అని ఈమె, "నీకు సమజ్ గాకున్నా నీ పిండికి సమజైతది లేమ్మా" అని ఆమె. బాలమ్మ చెయ్యి ఒకసారి గ్రైండరు రాయి కింద పడి నలిగితే, వీరలక్ష్మమ్మ గ్రైండరు బందుపెట్టి, మంచం మీద మొగణ్ణి నాకు అప్పజెప్పి, దవాఖానకు తోల్కపోయింది. ఆడ బెంచీ మీద కూసోని ఆమె చెయ్యి ఒళ్ళ పెట్టుకున్నదట. అన్నం గూడ అట్లనే. పొయ్యి మీది నుంచి దించంగనే మొదటి ముద్ద బాలమ్మకే. శుక్రవారం అయితే నెయ్యి. కూర వేరు లేదు, పప్పు వేరు లేదు.

పళ్ళెం వేరు. అది గూడ చెప్పాలె గదా. ఇంటెనక బట్టలుతికే బండ కాడ చిన్న గోడ ఉండె. దాని మీద ఒక సొట్ట పళ్ళెం, ఒక గ్లాసు, బోర్లించి ఉండేవి. అవి బాలమ్మవి. బాలమ్మ ఆ బండ మీద కూసోని తినేది, కడిగి మల్ల గోడ మీదనే బోర్లించేది. వీరలక్ష్మమ్మకు మడి ఎక్కువ. ఆమె తల్లి అట్ల చేసింది, ఆమె అత్త అట్ల చేసింది, ఈమె అట్లనే చేసింది. ఎందుకు అని ఎన్నడు ఆలోచన చేయలే. ఎండ ఎటు పడుతుందో ఎవరన్న ఆలోచన చేస్తరా, అట్ల. ఆమెను పాపి అంటవా? స్వామి ముందల కూసోని ఒక మనిషిని పాపి అని నేను అనను. జరిగింది మాత్రం చెప్త.

పక్క ప్లాట్ల సీతారామాంజనేయులు గారని రెండంతస్తులు కట్టుకొని వచ్చిండు. పెద్ద కొలువు చేసి రిటైరైండు. ఆయన గూడ గోదారి మనిషే, వీరలక్ష్మమ్మ ఊరికి దగ్గర్నే. చెడ్డోడు గాదు. కాకుంటె తెల్లారంగ నిద్ర ఆయనకు పాణం. గ్రైండరు మోగితే మేడ మీద నిలబడి, "ఏమండీ, ఇది ఇళ్ళ లేఅవుటా, పిండి మిల్లా? ప్లాటు అమ్మేటప్పుడు మాకు చెప్పిందేంటి, ఇక్కడ జరిగేదేంటి" అనేది. ఆయన భార్యనేమో ఎనక దిక్కు గోడ మీది నుంచి గిన్నె అందిచ్చి అదే పిండి తీసుకుంటుండె. ఆయన తిట్టుకుంట తినేది ఈమె దోశనే. నవ్వుతరేంది, నిజం. పిలగాండ్ల బండ్లు ఒకనాడు ఆయన గేటుకు అడ్డం పెట్టిండ్రు. ఇగ ఆగలే. మున్సిపాలిటి ఆఫీసుల ఫిర్యాదు ఇచ్చిండు.

నారాయణప్ప అని ఒకాయన వచ్చిండు ఆఫీసు నుంచి. పద్ధతి మనిషి, చెప్పులు వాకిట్లనే ఇడిచిండు. ఆ రూలు ఏ పుస్తకంల ఉన్నదో నాకెర్క లేదు, ఆయన నోటి నుంచి విన్నదే చెప్తున్న. "అమ్మా, ఉండే ఇంట్ల చిన్న పని చేసుకోవచ్చు. బోర్డు పెట్టొద్దు. పెద్ద మోటారు పెట్టొద్దు. పక్కోళ్ళకు అడ్డం కావద్దు. ఇంటోళ్ళే చేసుకోవాలె, జీతానికి బయటి మనిషిని పెడితే అది దుకాణం లెక్క, బందుపెట్టాలె." బోర్డు అక్కడికక్కడ నేనే తీసేసిన, అట్టముక్క బోర్డు, ఎంతసేపు. మోటారు చూసిండు, చిన్నదే అన్నడు. బండ్లు రోడ్డు మీదనే ఆపిస్తం అన్నం. ఇగ మిగిలింది బాలమ్మ. చేతులకు పిండి అట్లనే ఉన్నది, లేచి నిలబడ్డది. "ఈమె ఎవరమ్మా?" అన్నడు. వీరలక్ష్మమ్మ, "మా ఇంటి మనిషేనండి" అన్నది. తడుముకోలే. ఆయన గూడ బందు పెట్టాలని రాలే బిడ్డా, లోపల మంచం మీద సారును చూసిండు. ఒప్పుకుందామనే అడుగుతుండు. "ఇంటి మనిషి అంటే ఒక్క పొయ్యి మీది అన్నం తినాలె. తింటదా?" అన్నడు. "అయ్యో, రోజూ మా ఇంట్లోనే తింటుందండి, కావాలంటే యాదయ్యగారిని అడగండి" అన్నది. నేను తింటదన్న. అబద్ధం ఏమున్నది దాంట్ల?

గప్పుడు సీతారామాంజనేయులు గారు, గేటు కాడ చేతులు కట్టుకొని నిలబడ్డడు, మెల్లగ అన్నడు. "అయితే అమ్మా, ఆ పళ్ళెం ఎవరిదండీ?" ఇంటి పక్క సందు నుంచి ఎనక గోడ కానొస్తది. అందరం అటు చూసినం. సొట్ట పళ్ళెం, ఎండకు మెరుస్తున్నది. ఆయనకెట్ల ఎర్క అంటవా? ఆయనింట్ల గూడ ఎనక గోడ మీద గసొంటి పళ్ళెమే ఉండె గాబట్టి. అది చూడంగనే ఎవరిదో ఎవరికన్న తెలుస్తది. నారాయణప్పకు గూడ తెలిసింది, పెన్ను జేబులకెల్లి తీసిండు. మంచం మీద మొగడు దగ్గిండు. వీరలక్ష్మమ్మ నోటి నుంచి ఒక్క మాట రావాలె, లేకుంటె పొయ్యి ఆరిపోతది. వచ్చింది మాట. ఆ మాట ఆమె అన్నదా, భయం అన్నదా, స్వామికే ఎర్క. "అది కుక్కకండి" అన్నది.

నారాయణప్ప పెన్ను జేబుల పెట్టుకున్నడు. సరేనమ్మా, చప్పుడు జర తక్కువ చేసుకోండ్రి అని చెప్పులు తొడుక్కొని పోయిండు. సీతారామాంజనేయులు గారు లోపలికి పోయిండు. దుకాణం నిలబడ్డది. ఆ పూటకు నేను గూడ హమ్మయ్య అనుకున్న. బాలమ్మ మల్ల కూసోని ఉన్న పిండి మొత్తం రుబ్బింది, రాయి కడిగింది, గిన్నెలు కడిగింది. పగటీలి అన్నం టైమైంది. వీరలక్ష్మమ్మ తెచ్చి ఆ పళ్ళెంలనే వడ్డించింది. ఆనాడు శుక్రవారం గూడ గాదు, నెయ్యి పోసింది. బాలమ్మ పళ్ళెం పట్టుకొని లేచింది. గల్లీల ఒక ఎర్ర కుక్క తిరుగుతుండె, దాన్ని చుచ్చు అని పిలిచి, వాకిట్ల దాని ముందల పెట్టింది. అది తినేదాక పక్కన గొంతుక్కూసున్నది. తిన్నంక, "అమ్మ మాట అబద్ధం కావద్దు గదా" అన్నది. తిట్టినట్టు గాదు, మామూలుగనే అన్నది. పళ్ళెం మల్ల గోడ మీద పెట్టి, కొంగు దులుపుకొని పోయింది. మల్ల రాలే.

ఆ తర్వాత వీరలక్ష్మమ్మ ఒక్కతే రుబ్బింది. ఇంకో మనిషిని చూస్తనంటే వద్దన్నది. ఒకనాడు నొస్తున్న భుజం పట్టుకొని మెట్ల మీద కూసోని, "ఇప్పుడు రూలుకి సరిగ్గా ఉన్నానండి యాదయ్యగారూ, బయటి మనిషే లేదు" అన్నది. నవ్వబోయింది గని నవ్వు రాలే. బాలమ్మ కోసం ఖాజాగూడ గుట్టల కాడికి పోయింది, ఆ గుడిసెలు తీసేసిండ్రు. మియాపూర్ల అపార్ట్‌మెంట్లు కడుతున్న కాడ ఇసుక మోస్తుందని ఎవరో చెప్తే బస్సెక్కి పోయింది, నన్ను తోడు తీసుకపోయింది. కానొచ్చింది బాలమ్మ. తట్ట నెత్తి మీద ఉన్నది, దించలే. "బాగున్నవా అమ్మా, సారుకు నయమైందా?" అని మంచిగనే అడిగింది. వీరలక్ష్మమ్మ ఆమె చెయ్యి పట్టుకొని, "రావే బాలమ్మా, ఇంట్లోకి వచ్చి నా పక్కన కూర్చొని తిందువుగాని" అన్నది. బాలమ్మ ఆమె మొగం జరసేపు చూసింది. "ఇప్పుడు గూడ ఎవరన్న సారు వచ్చి అడుగుతుండా అమ్మా?" అన్నది. గంతే. ఎనక మేస్త్రి కేకేసిండు, పోయింది. బస్సుల వచ్చేటప్పుడు వీరలక్ష్మమ్మ కిటికీల నుంచి బయటికే చూస్తుండె.

ఇంటికి రాంగనే సీదా ఎనకకు పోయింది. గోడ మీది పళ్ళెం తీసింది, కుక్క తిన్న పళ్ళెం అది, కడిగింది, లోపలికి తెచ్చి, దేవుని గూటి పక్కన పీట ఏసుకొని, దాంట్ల అన్నం పెట్టుకొని తిన్నది. మడి మనిషి. ఆ నాటి నుంచి పోయేదాక దాంట్లనే తిన్నది. ఎవరన్న సుట్టాలు వచ్చి ఇదేంటే, ఇంత సొట్ట పళ్ళెం, ఇంట్లో ఇంకోటి లేదా అంటే, "ఇది మా ఇంటి మనిషిదండి" అనేది. ఒక మనిషి వచ్చి తింటదని చూసింది. ఆ మనిషి రాలే.

గదే బిడ్డా నేను చెప్పేది. మిగతాది మర్చిపోయినా మంచిదే, పళ్ళెం లోపలికి తెచ్చుకున్నది చూడు, అది యాదుంచుకోండ్రి, మీ ఇండ్లల్ల చెప్పుండ్రి. చెప్పుడు కాదు, చేయుండ్రి. అడిగేటోడు రాకముందే చేయుండ్రి, ఆమె లెక్క ఆలస్యం చేయకుండ్రి. మధూ, మీ అపార్ట్‌మెంటోళ్ళతోని ఇంటి మనిషే అని చెప్పొచ్చు. ఎందుకు చెప్పొద్దు? కాకుంటె పోయి ముందల చూడు, ఆమె పగటీలి ఏడ కూసోని తింటుందో, దేంట్ల తింటుందో.

ఏమైంది, తల కిందికేసినవ్? ఆఁ... సరే. పో, గంట కొట్టు పో, పంతులు పిలుస్తుండు.