భుజం మీది చెయ్యి

పెనుకొండ, 2004. ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ముందర పవిత్ర, పక్కన స్టూలు మీద హనుమక్క.

"ఇంగా రోంత నల్లగా చెయ్యి పాపా. ఆమె అంత తెల్లగా ఉండేది కాదు."

"నువ్వు చూసినావా అవ్వా, ఆమెను?"

"యాడ చూసేది? నేను రెండో పెండ్లాన్ని. నేనొచ్చేటప్పటికే పోయింది. ఆమె రాగిముద్ద కెలికితే అట్లుండేది, నవ్వితే ఇట్లుండేది అని ముప్పై ఏండ్లుగా వింటానే ఉండా."

"పాత ఫోటో అవ్వా. వెలుతురు అట్ల పడింది."

"ఆమెకు ఇరవై, మా ఆయప్పకు అరవై. జంటగా పెడితే కూతురనుకోరా? నాలుగు తెల్ల వెంట్రుకలు పెట్టు."

"తెల్లవి నల్లగా చేసేదే నేర్పించినాడు సారు. నల్లవి తెల్లగా చేయమని ఎవరూ అడగల్యా. నేను నేర్చుకోబట్టి మూడు వారాలే."

"మీ సారు యాడ?"

"ఇర్షాద్ సారు హిందూపురంలో పెండ్లికి పోయినాడు. మీ కొడుకు అనిల్ అన్న పొద్దున్నే వచ్చి, రేపు నాయన ఏడాది తిథి, అమ్మానాయన గోడ మీద జంటగా ఉండల్ల అని చెప్పి పోయినాడు."

"అమ్మ. ఊ. తల దువ్వి బడికి పంపిచ్చింది ఎవరంట?"

"ఇదో అవ్వా, ఇద్దర్నీ ఆనించి పెట్టినా. బాగుండాదా?"

"ఆమెను రోంత పక్కకు జరుపు. అంత ఆనించొద్దు."

"నడుమ ఖాళీ వస్తాది."

"రానీ."

"సరే, జరిపినా... చూడు, అందుకే వద్దన్నా. తాత భుజం మీద చెయ్యి ఒక్కటే మిగిలిపోయింది."

"ఎవరి చెయ్యి?"

"తాతను వేరే జంట ఫోటోలోంచి కత్తిరించినా. పక్కనున్నామె తల వంచుకోని ఉంటే మొగం కనపడల్యా. ఆమెను తీసేయమన్నాడు అన్న. మనిషిని తీసినా గానీ చెయ్యి తీస్తే చొక్కాకు బొక్క పడతాండాది. అది పూడ్చేది నాకింకా రాదు. ఈమెను దగ్గరగా పెడితే ఈమె చెయ్యి మాదిరే ఉండాదని వదిలేసినా."

"పెద్దగా చేసి చూపియ్యి."

"ఇదో. తేలు పచ్చబొట్టు కూడా ఉండాది."

"ధర్మవరంలో తీసిచ్చుకున్న ఫోటో అది. అనిల్ పెండ్లి చీరలకని పోయినాం. భుజం మీద చెయ్యెయ్యమ్మా అని ఫోటో ఆయప్ప అంటే సిగ్గుతో సచ్చినా."

"అవ్వా... నీ చేతి మీద కూడా తేలు... తెలీక తీసేసినా అవ్వా. సాయంత్రం సారు వస్తానే ఈ చెయ్యి గూడా తీసేపిస్తా."

"సారుకు చెప్పొద్దు. ఆమెను మళ్ళా జరుపు పాపా. దగ్గరికి. ఇంగా దగ్గరికి. ఆమె చెయ్యే అనుకోని దండ వేస్తాడు వాడు."