రెండు రోజుల చుట్టం

చిట్యాల దగ్గరి ఊళ్లో ఒక నేత ఇల్లు. లోపల మగ్గం ఆడుతోంది. గుమ్మంలో యాదమ్మ. ఆమె ఎదురుగా, ఇంటర్ పిల్లలకు ఇచ్చిన నాయకత్వ శిక్షణ ఎలా జరిగిందో ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటున్న కరుణ.

“జర మెల్లగ మాట్లాడుండ్రి మేడం. లోపల మా అత్తమ్మ నేస్తాంది.”

“మగ్గం చప్పుడుల ఏం ఇనబడదులే అక్కా. నాలుగే ప్రశ్నలు. శిక్షణకు పోయొచ్చినంక మీ బిడ్డ నిరోషల ఏమన్న మార్పొచ్చిందా?”

“ఏం మారలే. ఎప్పటిలెక్కనే ఉంది.”

“నలుగురిల లేచి మాట్లాడుతుందా?”

“మాట్లాడది. మంచి పిల్ల.”

“సరే. పిల్లలు ఒకరింట్ల ఒకరు రెండు దినాలు ఉండాలని చెప్పినం గద. మీ ఇంటికి ఎవరొచ్చిన్రు?”

“ఎవ్వరు రాలే.”

“మల్లిక వచ్చిన అని రాసిందే.”

“ఏ మల్లిక?”

“నిరోష తరగతే. మీ ఊరి ఎస్సీ కాలనీ...”

“మెల్లగ అంటి గద మేడం.”

“వచ్చిందా, రాలేదా?”

“ఏమో. నాకు యాదికి లేదు.”

“సర్వపిండి చేసి పెట్టినవట. నీ పక్కలనే పండుకున్నదట. తను ఎడమచేత్తోని దారం కండెలు చుడుతుంటే నువ్వు నవ్వినవట. రెండు పేజీలు రాసింది నీ గురించే.”

“రెండు పేజీలా? గా కాగితం చింపేయుండ్రి మేడం, మీ కాళ్లు మొక్కుత.”

“తప్పేం చేసినవ్ అక్కా?”

“అత్తమ్మ కోస్గికి పెండ్లికి పోయిందని చూసి పిలిచిన. వంటింట్లకు గూడ రానిచ్చిన. ఆమెకు తెలిస్తే నిరోష సదువు బందే. మగ్గం మీద కూసోపెడ్త అని నిరుడే అన్నది. అన్నదంటే చేస్తది.”

“నేనేం చెప్పను.”

“మీరు చెప్పరు. మీ కాగితం చెప్తది. ఎవరు రాలేదని రాయుండ్రి... మేడం, మగ్గం ఆగింది.”

“ఆగితే ఏమైంది?”

“వస్తాంది. కాగితం సంచిల పెట్టుండ్రి, జల్ది.”

“ఎవరే యాదమ్మా, గంట సేపటి సంది గుసగుస?”

“ఎవరు లేరత్తమ్మా. కాలేజి మేడం. పోతాంది.”

“ఆగు మేడం. గీ కండె చూడు. దారం ఎటు తిరిగింది?”

“నాకేం తెలుస్తదవ్వా.”

“నాకు తెలుస్తది. మా ఇంట్ల అందరిది కుడిచెయ్యి. ఇది ఎడమచేతి పిల్ల చుట్టింది. కోస్గి నుంచి వచ్చిన నాడే చూసిన. ఊళ్లె ఎడమచేతి పిల్ల ఎవరో నాకు ఎరుకలేదా?”

“అత్తమ్మా, నేనే పిలిచిన. నిరోషను ఏమనకు, దాని తప్పు...”

“నువ్వు ఊకో. వారం సంది గా దారమే నేస్తున్న. ఒక్క పోగు తెగలే. మేడం, గా పిల్ల మళ్ల ఎప్పుడొస్తదో అడిగి చెప్పు. ఇదే ఆఖరి కండె.”